మనిషికి రెండు నిమిషాలు

గుమ్మటానికి బంగారు రేకు.
లోపలి చలి మాత్రం మా కోతగది చలే.
తెల్లారకముందే బస్సెక్కాం పదిహేడుమందిమి,
యూనియన్ జాకెట్ల కింద రెండేసి స్వెట్టర్లు,
సెనాదా రాత్రి కాల్చి తెచ్చిన పాలకూర రొట్టె.
ఎవరికీ ఆకలి లేదు. అందరం తిన్నాం.

బిల్లు నంబరు రెండు వందల నలభై ఏడు.
యువతకు అవకాశాల చట్టం అట.
పేరు గొప్పదే. దిబ్బ కాబోయే ఊరు మాది.
పద్నాలుగేళ్ళ వాళ్ళు రాత్రి పదకొండు దాకా,
పక్కన 'శిక్షణ' అన్న మాటుంటే
మాంసం ఫ్రీజర్‌లోకి కూడా.
గాయమైతే కంపెనీని అడగడానికి లేదు.
ఆ ముక్క ఓ కామా వెనకాల ఉంది,
ఎముకనంటుకున్న కొవ్వులా,
కత్తి అలవాటున్నవాళ్ళకే దొరికేలా.

వెర్లిన్ పట్టుకున్నాడు దాన్ని.
వెర్లిన్ స్టోల్ట్జ్, అరవై నాలుగేళ్ళు,
ఇరవయ్యేళ్ళుగా మా శాఖ మీటింగులన్నీ రాసిపెట్టేవాడు.
ఎడమచేతికి మూడే వేళ్ళు.
మిగతావెక్కడని పిల్లలడిగితే
"సాసేజ్‌లో" అంటాడు.
పిల్లలు నవ్వుతారు. ఆయన నవ్వడు.

బల్లకి అటు ముగ్గురు.
మైకు పక్కన చిన్న దీపాలు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు.
ముందు హోటళ్ళ సంఘం ఆయన లేచాడు.
చిన్నప్పుడు ఆవుల కొట్టంలోనే తెల్లారేదట,
వాళ్ళ నాన్న, ఆ మంచు, ఆ పాల డబ్బాలు.
పనే తనని మనిషిని చేసిందట.
దీపం ఎర్రబడింది. ఎవరూ ఆపలేదు.

నన్ను పిలిచారు.
పేరు? నో ముపో.
ఇంటిపేరు? లేదు.
ఫారంలో గడి ఉందమ్మా.
మా కరెన్ వాళ్ళకి ఇంటిపేర్లుండవు.
ఉన్న ఇళ్ళు కూడా కాలిపోయాయి, అది వేరే సంగతి.
ఇరవై సెకన్లు అక్కడే పోయాయి.

"మీ పేరు నోనా, బిల్లుకి నోనా?"
అని నవ్వాడు మధ్యలో కూర్చున్నాయన.
మా భాషలో ఆడమనిషి పేరు ముందు
మర్యాదకి పెట్టే మాట అది, అన్నాను.
ఈ రోజుకి రెండూ.

రాసుకెళ్ళిన కాగితం మడిచే ఉంది చేతిలో.
పదకొండేళ్ళప్పుడు మే సోట్‌లో
కుట్టుమిషను ముందు కూర్చున్నానండి,
కాలు తొక్కుడుపలక దాకా అందక
కింద బియ్యం డబ్బా పెట్టారు.
పని నన్ను మనిషిని చెయ్యలేదు.
పొట్టిదాన్ని చేసింది.
చూడండి, మైకు వంచితే గానీ అందలేదు.

పసుపు.

చెప్పనిది ఒకటుంది.
మొన్న ఆదివారం మా లెర్సే
బల్ల మీద లెక్కల పుస్తకం తెరిచిపెట్టి,
"ఫ్రీజర్‌లో గంటకెంతిస్తారమ్మా?" అన్నాడు.
వాడికి జనవరిలో పద్నాలుగు నిండాయి.
ఎందుకురా అంటే,
"వచ్చే నెల అద్దె పెరుగుతుందిగా."
పుస్తకం మార్జిన్‌లో గుణించి పెట్టుకున్నాడప్పటికే.
ఆ లెక్కలో తప్పు లేదు. నేను రెండుసార్లు చూశాను.

అది చెబితే ఎవరి పక్షానికి పనికొస్తుందో తేలక
నీళ్ళు నములుతుంటే
ఎరుపు.
"థాంక్యూ మేడమ్."

ఇద్దరు ఔనన్నారు, ఒకామె కాదంది.
కాదన్నామె మా వైపు తల తిప్పలేదు,
ఔనన్నవాళ్ళు మాత్రం వచ్చి చేతులు కలిపారు.
వెర్లిన్ తన మూడు వేళ్ళే ఇచ్చాడు.

తిరుగు బస్సులో గాజు మీద మంచు.
వెర్లిన్ నోటుబుక్కులో:
హాజరు పదిహేడు. ఓటు రెండు, ఒకటి.
మళ్ళీ మంగళవారం.
కాసేపాగి రాశాడు: రొట్టె బాగుంది.

ఇంటికెళ్ళేసరికి లెర్సే మేలుకునే ఉన్నాడు.
గెలిచామా?
మంగళవారం మళ్ళీ వెళ్తున్నాం.
"నేనొస్తే నాకూ ఇస్తారా రెండు నిమిషాలు?"
ఇస్తారు, అన్నాను.
అన్నం వేడి చేశాను.

ఏ వైపున మాట్లాడతావని
అడగలేదు.